ఆ అది ఇలా అందుకోండి అల్లుడుగారూ

మామగారికి లోకంలో ఉన్న వస్తువులన్నిటికీ కలిపి ఒకటే పేరు: అది. స్క్రూడ్రైవరు అది. కళ్లజోడు అది. తలుపు గడియ అది. పళ్లు తోముకునే బ్రష్షూ అదే, వీధి చివర ఆరంతస్తుల ఆసుపత్రీ అదే. రెండు వస్తువుల గురించి ఒకేసారి చెప్పాల్సొస్తే ఒకటి అది, రెండోది ఇంకో అది. మరీ ఇరుకున పడితే "అదేనండీ, అదీ..." అని దీర్ఘం తీసేవారు. అంతకుమించి ఆయన వివరణ ఇవ్వగా విన్నవాళ్లు లేరు.

పెళ్లయి ఆరు నెలలైన అల్లుడికి ఇది పెద్ద పరీక్ష అయి కూర్చుంది. అతను మందుల షాపులో ఫార్మసిస్టు. ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే మనిషి ప్రాణం మీదికొచ్చే పని. "ఆ తెల్ల మాత్ర ఇవ్వు బాబూ" అని ఎవరైనా అడిగితే, "తెల్ల మాత్రలు నా దగ్గర మూడొందల రకాలున్నాయి, పేరు చెప్పండి" అని మొహం మీదే అనేసే రకం. అలాంటివాణ్ణి తీసుకొచ్చి మామగారి ఎదుట కుర్చీలో కూర్చోబెట్టారు.

"అల్లుడుగారూ, ఆ అది ఇలా అందుకోండి" అనేవారు మామగారు, చెయ్యి చాపి, చూపు ఎటో పెట్టి.

అల్లుడు గది నాలుగు మూలలూ చూసి, గొడుగు అందించేవాడు.

"ఇది కాదండీ. అది."

దువ్వెన ఇచ్చేవాడు. అదీ కాదు. టార్చిలైటు, క్యాలెండరు, పూలకుండీ. ఏదీ కాదు. ఇంతలో వంటగదిలోంచి అత్తగారు వచ్చి, ఏమీ అడక్కుండా, ఒక గరిటె తెచ్చి ఆయన చేతిలో పెట్టేవారు. "ఆఁ! అదే!" అని మామగారు మొహం చేటంత చేసుకుని, ఆ గరిటెతో గోడకి మేకు కొట్టేవారు.

మేకుకి గరిటె ఏమిటో అల్లుడికి అంతుపట్టేది కాదు. తను సుత్తి ఇచ్చినా కాదన్న మనిషి గరిటె చూసి అంత సంబరపడటమేమిటో అసలు అంతుపట్టేది కాదు. "మీకెలా తెలుస్తుంది అత్తయ్యగారూ?" అని ఒకసారి అడిగాడు. ఆవిడ చిన్నగా నవ్వారు. "ఆయనకి కావలసింది అదేగా" అన్నారు. మాటలు తక్కువ మనిషి. మామగారి సావాసంతో ఆవిడ నోట కూడా అప్పుడప్పుడూ ఓ 'అది' దొర్లేది.

"నాన్న ముప్పై రెండేళ్లు ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరు కదండీ" అనేది భార్య, పడీపడీ నవ్వుతూ. "రిటైరైన రోజు తాళాలతో పాటు పేర్లన్నీ కూడా అక్కడే అప్పజెప్పి వచ్చేశారు. ఇప్పుడు అమ్మకి కూడా అంటించారు."

అల్లుడు నవ్వలేకపోయేవాడు. నాలుగు వేల రకాల సామాను ఉండే స్టోరు అది. ఈయన అక్కడెలా నెగ్గుకొచ్చారు? అరలన్నిటి మీదా చీటీ అంటించి 'అది' అనే రాశారా? ఎవరైనా వచ్చి బోల్టు అడిగితే ఏమిచ్చి పంపారు?

ఇలాంటి ఇంటికి ఆ శనివారం పొద్దున అల్లుడు తన అన్నయ్య కారు వేసుకొచ్చాడు. కారంటే అన్నయ్యకి ప్రాణం. కారులో ఇంకా ప్రాణం దాని డిక్కీలో ఉన్న సబ్‌వూఫర్. చెక్క పెట్టెలో బిగించిన పన్నెండంగుళాల పెద్ద స్పీకరు. పాటలో ఢమ్ ఢమ్మని గుండెల్లో తగిలే మోత అంతా దాన్నుంచే వస్తుంది. తమ్ముడి పెళ్లికి కూడా, డిక్కీలో సామాను పెడతారని భయపడి, కారు ఇవ్వని మహానుభావుడు. ఈసారి ఏ కళనున్నాడో ఇచ్చాడు. "డిక్కీలో దిండు కన్నా గట్టి వస్తువు పెట్టావో, చూసుకో. ఆదివారం సాయంత్రం అయిదింటికి నేనే వచ్చి తీసుకెళ్తా" అన్నాడు.

తమ్ముడు అందులో ఇస్త్రీ బల్ల పెట్టాడు. అత్తగారు నేల మీద కూర్చుని ఇస్త్రీ చేసి నడుం పట్టేయించుకుంటున్నారని జాలిపడి కొన్న మడత బల్ల. వీధి మలుపులో స్పీడ్ బ్రేకర్ ఎగరేసింది. డిక్కీలో 'ఫట్' మంది. ఇల్లు చేరాక తెరిచి చూస్తే బల్ల కాలు సబ్‌వూఫర్ గుండెల్లో దిగబడి ఉంది. నల్ల కాగితపు గిన్నెలాంటి భాగం మూడు వేళ్ల మేర చిరిగింది. దాని చుట్టూ ఉండే మెత్తని ఫోమ్ పట్టీ సగం ఊడి వేలాడుతోంది. పాట పెడితే కారు దగ్గింది.

"బావగారికి నిజం చెప్పేయండి. తిడితే తిడతారు" అంది భార్య.

"తిడితే ఫరవాలేదే. గుర్తుపెట్టుకుంటాడు!" అన్నాడు అల్లుడు తల పట్టుకుని.

అదీ నిజమే. ఎవరి నోట ఏ మాట తడబడినా, ఎవరి చేతిలో ఏది విరిగినా అన్నయ్య దాన్ని పదేళ్లు నడిపిస్తాడు. అల్లుడు అయిదేళ్ల వయసులో హెలికాప్టర్‌ని 'హెకిలాప్టర్' అన్నాడు. ఇప్పుడతనికి ముప్పై ఒకటి. అన్నయ్య ఫోన్‌లో అతని పేరు ఈనాటికీ హెకిలాప్టరే. పెళ్లిలో అత్తవారి తరఫు పెద్దలందరికీ కూడా ఆ పేరుతోనే పరిచయం చేశాడు.

మామగారు డిక్కీలోకి వంగి, చూపుడువేలితో చిరుగుని ముట్టుకుని, గంభీరంగా తల పంకించారు. "అది పోయింది. దాని చుట్టూ అది కూడా పోయింది. లోపల అది బాగుంటే మాత్రం అది చేసేయొచ్చు."

"ఏది చేసేయొచ్చు మామయ్యగారూ?"

"అదే. అది."

వరండాలో పాత పేపర్లు పరిచి ఆపరేషన్ మొదలైంది. స్క్రూలు విప్పాలి. అల్లుడు ముందే తెలివిగా స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడ్డాడు. "అది కాదండీ, అది" అన్నారు మామగారు. అత్తగారు లోపల్నుంచి వెన్న రాసుకునే చాకు తెచ్చారు. "ఆఁ! అదే!" ఎనిమిది స్క్రూలూ ఆ చాకుతోనే విప్పారు. రెండుసార్లు చెయ్యి జారింది. అయినా స్క్రూడ్రైవరు వైపు కన్నెత్తి చూడలేదు. అల్లుడు తన చేతిలోని స్క్రూడ్రైవరుని, ఆయన చేతిలోని చాకుని మార్చి మార్చి చూశాడు. తనకి మతి పోతోందా, లేక ఈ ఇంట్లో స్క్రూల పద్ధతే వేరా?

"గోడ గడియారంలో అది ఉంటుంది, పట్రండి" అన్నారు మామగారు. అల్లుడు ఎందుకైనా మంచిదని గడియారం మొత్తం ఊడదీసి తెచ్చాడు. మామగారికి కావలసింది అందులోని సెల్లు. దానికి రెండు వైర్లు తగిలించి సబ్‌వూఫర్ వెనక ఆనించగానే అది 'టుప్' మని చిన్న గెంతు గెంతింది. "అది బతికే ఉంది!" అన్నారు మామగారు. ఈ ఒక్క వాక్యం మాత్రం అల్లుడికి పూర్తిగా అర్థమైంది.

మిగతా వాటి కోసం అతను మందుల చీటీ లాగా రాసుకోవడం మొదలుపెట్టాడు. అది ఒకటి: తెల్ల జిగురు. అది రెండు: పల్చటి కాగితం. అది మూడు: జిగురు రాసే పుల్ల. చిరుగు వెనకాల కాగితం అతికించేసరికి 'అది పంతొమ్మిది' దాకా వచ్చింది. అది ఏడుకీ అది పన్నెండుకీ తేడా ఏమిటో రాసినవాడికే తెలియలేదు.

మధ్యాహ్నం మామగారు స్నానానికి లేస్తూ చెప్పారు: "చుట్టూ అది రాసి, అది అతికించి, పైన అది బోర్లించండి. గంట కదపొద్దు."

ఆయన ఉద్దేశం ఏమిటంటే, చుట్టూ జిగురు రాసి, ఊడిన పట్టీని అతికించి, బరువు కోసం పైన పెద్ద గిన్నె మూత బోర్లించమని. అల్లుడు చీటీ చూసుకుని, జిగురు పట్టీకి కింద రాశాడు, పైనా రాశాడు, అనుమానం తీరక మూత అంచుకి కూడా రాశాడు. గంట తరవాత చూస్తే మూత సబ్‌వూఫర్‌తో ఏకమైపోయింది. మామా అల్లుళ్లిద్దరూ చెరోవైపు పట్టుకుని లాగితే మూత వచ్చింది. దాంతో పాటు ఫోమ్ పట్టీ కూడా ముక్కలు ముక్కలుగా వచ్చేసింది.

చప్పుడుకి అత్తగారు పరిగెత్తుకొచ్చారు. "అయ్యో! నా... నా..." ఆవిడ చెయ్యి గాలిలో గుండ్రంగా తిరిగింది. కళ్లు దేని కోసమో వెతికాయి. "నా అది!"

భార్య కడుపు పట్టుకుని నవ్వింది. "అమ్మా! నీకు పూర్తిగా అంటుకుపోయిందే!"

"అవునోయ్" అన్నారు మామగారు వెంటనే, ముందుకొచ్చి, మూతని కిరీటంలా నెత్తిన పెట్టుకుని. "నీ అది నా అదికి అతుక్కుంది. ఇప్పుడు నా అది నీ అదికి అతుక్కుంది. నేనేమో దీనికి అతుక్కున్నాను." భార్య నవ్వి నవ్వి గోడకి చేరగిలబడింది. అత్తగారూ నవ్వేశారు. అల్లుడొక్కడే, ఇరవైనాలుగ్గంటల్లో వచ్చే అన్నయ్యని తలుచుకుని, బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు.

ఇక కొత్త పట్టీ కొనక తప్పలేదు. ఆదివారం పొద్దున్నే మామగారిని కారెక్కించుకుని స్పీకర్ల సామాను అమ్మే షాపుకి బయల్దేరాడు. దారి పొడుగునా అతని భయం ఒకటే. షాపతను "ఏం కావాలి?" అంటాడు, ఈయన "అది" అంటారు, ఇద్దరినీ బయటికి గెంటుతారు.

ఇరుకు గదిలో నేల నుంచి కప్పు దాకా నల్ల రింగులు వేలాడుతున్నాయి. షాపతను మామగారిని చూడగానే లేచి నిలబడ్డాడు. మామగారు గొంతు సవరించుకున్నారు. అల్లుడు కళ్లు మూసుకున్నాడు.

"పన్నెండంగుళాల వూఫర్‌కి ఫోమ్ సరౌండ్ ఇవ్వండి. బయటి వ్యాసం రెండొందల తొంభై అయిదు మిల్లీమీటర్లు, లోపలిది రెండొందల ముప్పై. రబ్బరుది వద్దు, బరువు. అంచుకి గాస్కెట్ నాలుగు ముక్కలు. గమ్ము ఆరాక పారదర్శకంగా ఉండే రకం. వాయిస్ కాయిల్, స్పైడరు, డస్ట్ క్యాప్ బాగానే ఉన్నాయి. పాత జిగురు గీకడానికి స్పిరిట్ చిన్న సీసా."

అల్లుడు కళ్లు తెరిచాడు. నోరూ తెరిచాడు. మాట్లాడింది ఎవరా అని వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

"సారొస్తే మాకు వెతుక్కునే పనుండదండీ" అన్నాడు షాపతను రింగు తీస్తూ. "ఫ్యాక్టరీకి నేనే సామాను వేసేవాణ్ణి. అక్కడ ఈయన్ని డిక్షనరీ సారనేవాళ్లు. నాలుగు వేల వస్తువులు, పేరూ కొలతా నోటికొచ్చు."

సామాను తీసుకుని కారెక్కారు. వీధి దాటాక మామగారు కిటికీలోంచి చూస్తూ, "అల్లుడుగారూ, ఆ అది కాస్త కిందికి..." అన్నారు.

"అద్దం అంటారు మామయ్యగారూ. మీకు తెలుసు. దొరికిపోయారు."

మామగారు నిట్టూర్చారు. కారు ఓ పక్కగా ఆపమన్నారు.

"రెండేళ్ల కిందట మీ అత్తగారికి ఒంట్లో బాగాలేదు, గుర్తుందా, సంబంధం మాట్లాడేటప్పుడు చెప్పాం. మెదడులో చిన్న నరం దెబ్బ తింది. కాలూ చెయ్యీ అన్నీ బాగైపోయాయి. పేర్లు మాత్రం రాలేదు. వస్తువు తెలుసు. దేనికి వాడాలో తెలుసు. పేరు నాలుక దాకా వచ్చి ఆగిపోతుంది. పేపర్లో గళ్ల నుడికట్టుని కాఫీ చల్లారేలోపు నింపేసే మనిషండీ! ఓ రోజు షాపులో సబ్బు పేరు రాక నిలబడిపోయింది. వెనకాల ఎవరో నవ్వారు. ఇంటికొచ్చి నాలుగు రోజులు నోరు విప్పలేదు."

"మరి?"

"అయిదో రోజు నేనూ 'అది' అనడం మొదలుపెట్టాను. మొదట కోప్పడింది. తరవాత నవ్వింది. ఆ తరవాత మాట్లాడింది." మామగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంట్లో ఒక్కరే 'అది' అంటే జబ్బండీ. ఇద్దరంటే అలవాటు. నవ్వాలనుకున్నవాళ్లు నన్ను చూసి నవ్వుకుంటారు. నాకేం పోయింది?"

"అమ్మాయికి ఎందుకు చెప్పలేదు?"

"అప్పట్లో తను హాస్టల్లో ఉండేది, పేర్ల సంగతి తెలీదు. చెప్తే ప్రతి మాటా తనే అందిస్తుంది, ప్రేమ కొద్దీ. అందించకూడదు. ఎప్పుడో ఒకప్పుడు తనంతట తనే వెతుక్కుని పట్టుకుంటుంది. నెలకో మాట దొరుకుతోంది."

అల్లుడికి ఇంకా ఒక సందేహం మిగిలింది. "మరి మీరు అది అంటే, అత్తయ్యగారు ప్రతిసారీ సరైన వస్తువే ఎలా తెస్తారు?"

మామగారు అతనికేసి జాలిగా చూశారు. "తను ఏది తెస్తే నాకు కావలసింది అదేనండీ."

గరిటె, మేకు, వెన్న చాకు, ఎనిమిది స్క్రూలు అన్నీ ఒక్కసారిగా అల్లుడి కళ్ల ముందు తిరిగాయి. "ఆవిడకి తెలుసా?"

"వెన్న చాకుతో స్క్రూ విప్పే మొగుణ్ణి చూసి ఏమీ తెలియకుండా ఉంటుందా? తెలుసు. తెలుసని నాకూ తెలుసు. దాని గురించి మేం మాట్లాడుకోం, అంతే." కళ్లజోడు పెట్టుకున్నారు. "ఇవాళ మీ అన్నగారు వస్తున్నారని వంటగదిలోంచి బయటికి రానంటోంది. పెళ్లిలో ఆ హెకిలాప్టర్ గొడవ విందిగా. పాపం, తన సంగతి కూడా పదేళ్లు నడిపిస్తాడని బెంగ."

అల్లుడికి చెవులు ఎర్రబడ్డాయి. హెకిలాప్టర్ గుర్తొచ్చింది. దానికన్నా ముందు, "తెల్ల మాత్ర" అని అడిగి, తను పేరు చెప్పమని గద్దించగానే నోరు మూసుకుని వెళ్లిపోయిన ముసలాయన గుర్తొచ్చాడు. సిగ్గేసింది. సబ్‌వూఫర్ గురించి బెంగ అప్పుడే సగం తగ్గింది, ఇంకో బెంగ పట్టుకుంది. అన్నయ్య వచ్చిన దగ్గర్నుంచి వెళ్లేదాకా ఆవిణ్ణి ఎవరూ వేలెత్తి చూపకూడదు.

పాత జిగురు గీకి, కొత్త పట్టీ అతికించారు. చుట్టూ వేళ్లతో సమానంగా నొక్కే పని అత్తగారు తీసుకున్నారు. మామగారు రెండు చేతులతో మధ్యభాగాన్ని మెల్లగా కిందికీ పైకీ కదిపితే లోపల సన్నగా 'గర్ర్' మంది. మగవాళ్లిద్దరికీ వినపడలేదు. అత్తగారు చెవి దగ్గర పెట్టి, "ఊఁహుఁ" అన్నారు. పట్టీని గోరంత మేర పక్కకి జరిపారు. గరగర పోయింది. సెల్లు ఆనిస్తే ఈసారి గెంతు మెత్తగా వచ్చింది.

"ఆఁ! అదే!" అన్నారు మామగారు. ఈసారి అది నిజంగా అదే.

నాలుగున్నరకి పెట్టెలో బిగించి డిక్కీలో పెట్టారు. అయిదింటికి గేటు దగ్గర కేక వినపడింది. "ఏరా హెకిలాప్టర్! నా కారు బతికుందా?"

అన్నయ్య కుశల ప్రశ్నలు కూడా అడక్కుండా డిక్కీ తెరిచాడు. కొత్త పట్టీ నల్లగా మెరిసింది. "ఇదేంట్రా?"

"ఇస్త్రీ బల్ల గుచ్చుకుంది అన్నయ్యా. తప్పు నాదే. బాగు చేశాం" అన్నాడు అల్లుడు. అన్నయ్య మొహం ఎర్రబడింది. సరిగ్గా అప్పుడే, అతిథికి మంచినీళ్లు ఇవ్వకపోతే బాగుండదని, అత్తగారు గ్లాసుతో బయటికొచ్చారు.

"మీరైనా చెప్పండి అత్తయ్యగారూ. ఏం అతికించారు దీనికి?"

ఆవిడ తడబడ్డారు. "చుట్టూ... ఆ... కొత్తది... ఆ..." చెయ్యి గాలిలో గుండ్రంగా తిరిగింది.

అన్నయ్య మూతి ఎడమ కొస పైకి లేచింది. ఆ కొస సంగతి అల్లుడికి ఇరవయ్యారేళ్లుగా తెలుసు. మామగారు నోరు తెరిచారు గానీ అల్లుడు ముందే అందుకున్నాడు.

"అదే అన్నయ్యా, అది! పాత అది పోతే కొత్త అది తెచ్చి, అదంతా గీకి, అది రాసి, అది అతికించి, అది పెట్టి చూశాం. 'టుప్' మంది. నువ్వెళ్లి అది నొక్కు, అది వస్తుంది!"

అన్నయ్య గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "ఏమైందిరా నీకు?"

"అల్లుడుగారు సరిగ్గానే చెప్పారండీ" అన్నారు మామగారు. "అది అది అయితే తప్ప అది అది కాదు."

"అయ్యో, ఈయనకీ అంటుకుంది బావగారూ!" అని గుమ్మంలోంచి భార్య గోల పెట్టింది.

అన్నయ్య ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. ఎవరిని చూసి నవ్వాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. నవ్వు కొస కిందికి దిగింది. నుదురు తుడుచుకున్నాడు. "సరే, సరే. ముందు ఆ... ఏదీ ఆ... అది ఇలా ఇవ్వండి."

అత్తగారు లోపలికెళ్లి వచ్చి అతని చేతిలో కారు తాళం పెట్టారు.

"ఆఁ, అదే" అన్నాడు అన్నయ్య, తను ఏమన్నాడో తనకే తెలియకుండా.

పాట మొదలైంది. మొదటి దెబ్బకి కిటికీ అద్దాలు జల్లుమన్నాయి. రెండో దెబ్బకి వంటగదిలో జిగురు మరకల మూత అర మీంచి దొర్లిపడి గింగిరాలు తిరిగింది. గరగర లేదు, దగ్గు లేదు. అన్నయ్య కోపం మరిచిపోయి కళ్లు మూసుకుని తల ఊపాడు. అత్తగారు దగ్గరికొచ్చి డిక్కీ అంచు మీద అరచెయ్యి ఆనించారు. ఆ మోత ఆవిడ గాజుల దాకా పాకింది.

పాట ఆపి అన్నయ్య అడిగాడు. "ఎలా ఉందంటారు అత్తయ్యగారూ?"

"అది..." అన్నారు ఆవిడ.

ఆగిపోయారు. మామగారు ఒక అడుగు ముందుకేశారు. అల్లుడు ఇంకో డజను అదులు నాలుక మీద సిద్ధం చేసుకున్నాడు. ఎవరూ మాట అందించలేదు.

"...రింది!" అన్నారు అత్తగారు. "అదిరింది!"

రెండేళ్లుగా నోటికి రాని మాట. ఆవిడే ఆశ్చర్యపోయి, మళ్లీ ఒకసారి గట్టిగా అని చూసుకున్నారు. భార్య చప్పట్లు కొట్టింది, ఎందుకో పూర్తిగా తెలియకుండానే. మామగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి అడిగారు.

"ఏదోయ్?"

అత్తగారు ఆయనకేసి చూశారు. నవ్వు ఆపుకోలేకపోయారు.

"అదే" అన్నారు.